నిఘంటువునకు దొడ్డిదారి

గడచిన వేసవిలో మా చెల్లెలి మనుమరాలు సెలవులకు మా యింటికి వచ్చి యుండెను. ఇంగ్లీషు దినపత్రికలోని గళ్ల నుడికట్టును పూరింపనిదే ఆ పిల్ల కాఫీ ముట్టదు. ఒకనాటి యుదయమున "తాతగారూ, నాలుగే అక్షరాలు. రెండోది వై, ఆఖరుది టీ. భారతదేశపు సేద్యగాడట. ఏమిటది?" అని యడిగెను. ముప్పది యేండ్లు ఇంగ్లీషు పాఠములు చెప్పి నేడు పింఛను పుచ్చుకొనుచున్న మాకు ఇంతకంటె గౌరవమైన ప్రశ్న యేమున్నది? బీరువాలోని పెద్ద నిఘంటువును వెంటనే దింపించితిమి. దింపించిన పిమ్మటగాని మా తెలివితక్కువ మాకు కనబడలేదు. మొదటి యక్షరము తెలియనివాడు నిఘంటువును ఏ పుటయొద్ద తెఱవవలెను? ఏ మొదలు జెడ్ వఱకు ఇరువదియాఱు తావులందును వెదకవలసినదే గదా! అంతటి భవనమునకు వాకిలి యొక్కటియే. మొదటి యక్షరము చేత లేనివాడు ఎంతటి పండితుడైనను అరుగుమీద కూర్చుండవలసినవాడే.

పిల్ల మా యవస్థ చూచి నవ్వి, చేతిలోని ఫోనుమీద ఒక చుక్క, వై, మఱియొక చుక్క, టీ అని కొట్టెను. రెప్పపాటులో నాలుగైదు మాటలు వరుసగా వచ్చి నిలిచినవి. దేహములో పుట్టు తిత్తికి పేరైన సిస్ట్ అనునది అందులో ఒకటి. బర్మాదేశపు నాణెమగు క్యాట్ అనునది ఇంకొకటి. పూర్వము గ్రీకులు వ్యాయామము చేయు స్తంభముల చావడికి పేరట, ఎక్స్ అక్షరముతో మొదలగునది వేఱొకటి. జవాబు కూడ ఆ వరుసలోనే యుండెను గాని అప్పటి కది మాకు గోచరింపలేదు. దాని కథ పిమ్మట చెప్పెదము. ఆ రెండు చుక్కల వెనుక ఎందఱి శ్రమ యున్నదో వెదకి చూడవలెనని మాకు నాడు బుద్ధి పుట్టినది. ఆ వెదకులాటలో దొరకిన సంగతులనే చదువరుల యెదుట నుంచుచున్నాము.

అక్షరక్రమమునకు మన మెంత యలవాటు పడితిమనగా, మాటలు పుట్టుకతోనే ఆ వరుసలో నిలుచున్నవని భ్రమపడుదుము. ఇంగ్లీషువారి తొలి యేకభాషా నిఘంటువని చెప్పదగినదానిని రాబర్టు కాడ్రే అను నాతడు 1604లో ప్రకటించెను. అందు సుమారు 2,500 కఠినపదము లుండెను. అది స్త్రీలకొఱకును, చదువు చాలనివారికొఱకును కూర్పబడినదని ముఖపత్రముననే అచ్చొత్తించిరి. ఏ దేశమందైనను స్త్రీలను చదువురానివారితో ఒక్క పంక్తిని కూర్చుండబెట్టుట పెద్దల వాడుక గాబోలు! కాడ్రే తన పీఠికలో, మాట ఏతో మొదలైనచో గ్రంథము తొలిభాగమున చూడుడనియు, వీతో మొదలైనచో తుదిభాగమున చూడుడనియు బోధించినాడు. అంతటి బోధ ఆనాటి చదువరులకు అవసరమయ్యెను. నేడు మనకు సహజముగా తోచు ఆ ముందువాకిలియు ఒకనాడు క్రొత్తగా నేర్పబడినదే యని తెలియుచున్నది.

ఆ గ్రంథము వెలువడిన 171 యేండ్లకు, అనగా 1775లో, జాన్ వాకర్ అను నాతడు దొడ్డిదారి తెఱచెను. ఈయన మొదట నాటకశాలలలో వేషములు వేసి, తరువాత శుద్ధముగా మాటాడు రీతిని నేర్పు గురువై జీవించినవాడు. ఆయన నిఘంటువులో మాటలు కడపటి యక్షరమునుండి వెనుకకు చదివిన క్రమములో నుండును. ఏతో ముగియునవి ముందు, బీతో ముగియునవి తరువాత. తుది యక్షరము సమానమైనచోట దానికి ముందరిది, అదియు సమానమైనచో దానికిని ముందరిది. అంత్యప్రాసలకొఱకు తడవుకొను కవులకు తోడ్పడవలెనని ఆయన యుద్దేశము. కాని ఇంగ్లీషులో వ్రాత యొక దారి, పలుకుబడి యొక దారి. దగ్గునకు వారి మాట కాఫ్, చెట్టుకొమ్మకు బౌ, గుండా యనుటకు త్రూ. మూడును ఓ, యూ, జీ, హెచ్ అను నాలుగక్షరములతోనే ముగియును. వాకర్ వరుసలో ఇవి దగ్గఱ చుట్టములు. చెవికి మాత్రము ఒకదానికొకటి ఏమియు కావు. ప్రాసకొఱకు పుట్టిన పుస్తకము చెవికంటె కంటికే మేలు చేసినదన్నమాట. నూఱేండ్లకు పైబడి అది పలుమాఱులు అచ్చుపడెను.

ఈ మాటలు వ్రాయుచుండగా మన యమరము జ్ఞప్తికి వచ్చుచున్నది. అమరసింహుని మూడవ కాండములోని నానార్థవర్గమున మాటలు కాంతములు, ఖాంతములు, గాంతములు అని కడపటి హల్లును బట్టి కూర్పబడి యున్నవి. అరబ్బీ నిఘంటుకారులలో జౌహరీ అను నాతడును వేయియేండ్ల క్రిందట పదమూలముయొక్క తుది హల్లునే ఆధారముగా గొనెను. మన తెలుగు పద్యము సంగతి ఇంకను చిత్రము. ప్రాసస్థానము రెండవ యక్షరము. నాలుగు పాదములందును అచ్చట ఒకే హల్లు రావలెను. కావున మొదటిది తెలియక రెండవది తెలిసిన మాటలను వెదకుట పద్యము కట్టిన ప్రతి తెలుగువానికిని నిత్యకృత్యము. రెండవది వై అని మా పిల్ల యడిగిన ప్రశ్నయు ఆ జాతిదే. మన పూర్వులకు ఆ దారి పుస్తకములో గాక నాలుకమీద నుండెను. దానికొఱకే గదా వీధిబడులలో అమరమును వల్లె వేయించుట! అర్థము చెప్పిరో లేదో యడుగవద్దు. శ్లోకములు గడగడ చదివి, నడుమ నున్న మాటకు భావమేమనగా బిక్కమొగము వేసిన పెద్దవారిని మే మెఱుగుదుము. ఈ సంగతిని చదువరులు కొంచెము మనసున నుంచుకొనవలెను. దీనితో మరల పని యున్నది.

ఏ యక్షరము ఎచ్చట నున్నదను ప్రశ్నకు తోబుట్టువు ఏ యక్షరము ఎంత తఱచుగా వచ్చునను ప్రశ్న. దీనిని మొట్టమొదట పట్టించుకొన్నవారు ఆటగాండ్రు కారు, రహస్యలేఖలను విప్పువారు. తొమ్మిదవ శతాబ్దమున బాగ్దాదు పండితుడైన అల్‌కిందీ, మామూలు వ్రాతలో ఎక్కువగా వచ్చు అక్షరమేదో, రహస్యలేఖలో ఎక్కువగా వచ్చు గుర్తేదో పోల్చి చూచినచో గుట్టు బయటపడునని వ్రాసిపెట్టెను. పందొమ్మిదవ శతాబ్దములో తంతివార్తల సంకేతములు కూర్చునప్పుడు అమెరికాలోని శామ్యూల్ మోర్సునకును, ఆయన సహాయుడగు ఆల్‌ఫ్రెడ్ వెయిల్‌నకును ఇదే లెక్క కావలసివచ్చెను. పుస్తకములు ముందఱ వేసికొని అక్షరములు లెక్కించుట యెంత విసుగు! అచ్చుకూటమువారు ఏ యక్షరపు అచ్చులను ఎన్ని దాచుకొందురో చూచినచో చాలునని తోచినది. ఈ అను నక్షరమునకు 12,000 అచ్చు లుండుచోట టీకి 9,000, పాపము జెడ్‌కు 200 మాత్రమే. అందుచేతనే ఈకి ఒక్క చుక్క, టీకి ఒక్క గీత దక్కినవి.

అంతటి రాజ్యమేలు ఈని బహిష్కరించినచో నేమగునో చూడవలెనని 1939లో ఎర్నెస్టు విన్సెంటు రైటు అను అమెరికనుడు గ్యాడ్స్‌బీ అను నవల వ్రాసెను. 50,000 మాటలకు పైబడిన ఆ గ్రంథములో ఆ యక్షరము లేదు. పొరబాటున వ్రేలు పడకుండ టైపుయంత్రములో దాని మీటను కట్టివేసెనట. మన దండి దశకుమారచరితమున మంత్రగుప్తుడును పెదవి తగులు అక్షరములు లేకుండ తన కథ చెప్పును. మరింగంటి సింగరాచార్యులు రామకథనంతయు తెలుగున అట్లే నిరోష్ఠ్యముగా చెప్పినాడు. కాని మంత్రగుప్తునకు ప్రియురాలు కఱచిన పెదవి నొచ్చుచున్నదను సాకు కలదు. రైటునకు అదియు లేదు.

ఇక ఆటలకు వత్తము. ఆలిస్ కథలు వ్రాసిన లూయీ కెరోల్, లెక్కల పండితుడు కూడ గదా, 1879లో లండనులోని వ్యానిటీ ఫెయిర్ అను పత్రికలో డబ్లెట్సు అను నొక వినోదమును ప్రకటించెను. ఒక మాటలో ఒక్కొక్క యక్షరమును మార్చుచు మఱియొక మాటను చేరవలెను. నడుమ వచ్చినదెల్ల నిజమైన మాట కావలెను. తలకు పేరగు హెడ్ అనునది హీల్, టీల్, టెల్, టాల్ అను మెట్లమీదుగా తోకకు పేరగు టేల్ అగును. నిజమైన మాట యేది యను తగవు వెంటనే వచ్చినది. చదువరులు పంపిన వింతమాటలతో వేగలేక కెరోల్ ఏ మాటలు చెల్లునో ఒక పట్టిక కట్టి పుస్తకమునకు చేర్చవలసివచ్చెను. ఆట యున్నచోట పట్టిక, పట్టిక యున్నచోట న్యాయాధిపతి. ఈ తగవు నేటికిని తీఱలేదు.

గళ్ల నుడికట్టు పుట్టిన దినము స్పష్టముగా తెలిసినది. 1913 డిసెంబరు 21వ తేదీ ఆదివారము న్యూయార్కు వరల్డు అను పత్రికలో ఆర్థర్ విన్ అను లివర్‌పూలువాడు వజ్రాకారముగా గడులు గీసి ప్రకటించెను. పది యేండ్లకు పైగా అది ఆ పత్రికలోని చిన్న వినోదముగానే యుండెను. 1924లో సైమన్, షుస్టర్ అను ఇద్దఱు క్రొత్త ప్రచురణకర్తలు ఒక పెన్సిలు కట్టి దీనిని పుస్తకముగా అమ్మగా దేశమంతయు వెఱ్ఱి యెత్తినది. గ్రంథాలయములలో నిఘంటువులచుట్టు గుంపులు చేరి విద్యార్థులకు చోటు లేకుండెను. ఒక రైల్వే కంపెనీ బండ్లలో నిఘంటువుల నుంచినది. న్యూయార్కు టైమ్సు పత్రిక దీనిని పాపిష్ఠి కాలహరణముగా నిందించినది. ఆ పత్రికయే 1942 ఫిబ్రవరిలో, యుద్ధకాలమున జనులకు మనోవిశ్రాంతి కావలెనని, తాను గూడ గళ్లు గీయించుకొన్నది. దానికి తొలి సంపాదకురాలు మార్గరెట్ ఫరార్.

ఈమెను గూర్చి రెండు మాటలు చెప్పకుండ పోజాలము. మార్గరెట్ పెథర్‌బ్రిడ్జి యను కన్యగా ఈమె వరల్డు పత్రికలో కార్యదర్శినిగా చేరినప్పుడు, ఎవరికిని పట్టని ఈ గళ్లపనిని ఆమె మెడకు కట్టిరి. మొదట ఆమెయు పట్టించుకొనలేదు. సరిచూడకయే అచ్చున కిచ్చెడిది. తప్పులనుగూర్చి తోటి విలేఖరి దెప్పగా, ఒకనాడు తానే పూరింప కూర్చుండి, ఎంత అన్యాయముగా నున్నవో తెలిసికొని సిగ్గుపడెను. అప్పటినుండి ఆమె చేసిన కట్టుబాట్లే నేటికిని అమెరికా పత్రికలలో నడచుచున్నవి. ప్రతి యక్షరమును అడ్డమునకు ఒకటి, నిలువునకు ఒకటిగా రెండు మాటలలో నుండవలెను. రెండక్షరముల మాటలు కూడవు. తలక్రిందు చేసినను నల్లగడుల అందము చెడకూడదు. మొదటి కట్టుబాటు మన కథకు ముఖ్యమైనది. అడ్డము పూరించినవానికి నిలువు మాటలో ఏదో యొక నడిమి యక్షరము తెలియును, మొదటిది తెలియదు. నిఘంటువు ముందువాకిలిని మూసి, జనులను దొడ్డివైపు తఱిమినది ఈ కట్టుబాటే.

1931లో అమెరికా ఆర్థికసంక్షోభమున ఉద్యోగము పోగొట్టుకొన్న వారిలో ఆల్‌ఫ్రెడ్ బట్సు అను ఆర్కిటెక్టు ఒకడు. కట్టించువారు లేనప్పుడు ఇండ్ల నమూనాలు గీయువానికి పని యేమి? తీరిక మిక్కుటము కాగా ఆయన ఒక ఆట కల్పింప పూనుకొని, న్యూయార్కు టైమ్సు మొదలగు పత్రికల పుటలను ముందఱ పెట్టుకొని, ఏ యక్షరము ఎన్నిమాఱులు వచ్చినదో ఒక్కొక్కటిగా చేతితో లెక్కించెను. మోర్సు అచ్చుపెట్టెలను చూచి దాటవేసిన విసుగును ఈయన సాంతముగా అనుభవించెను. స్క్రాబుల్ ఆటలోని 100 బిళ్లలు ఆ లెక్కనుండి పుట్టినవే. రెండు బిళ్లలు ఖాళీవి; తక్కినవానిలో ఈ అక్షరమునకు 12; క్యూ, జెడ్‌లకు తలకొకటి, వానిని వాడినవారికి పదేసి మార్కులు. ఎస్ అక్షరము ఇంగ్లీషులో మిక్కిలి తఱచైనదైనను నాలుగే యిచ్చెను. ఏలయనగా ప్రతి మాటకును చివర ఎస్ చేర్చి బహువచనము చేసినచో ఆటలో పస లేకుండపోవునని ఆయన యెఱుగును.

ఆటవస్తువుల కంపెనీలన్నియు దానిని త్రిప్పి పంపినవి. 1948లో జేమ్స్ బ్రూనో అను మిత్రుడు హక్కు పుచ్చుకొని, స్క్రాబుల్ అను పేరు పెట్టి, పాడుబడిన బడియింట బిళ్లలు చేయించెను. 1949లో 2,400 పెట్టెలు చేసి 450 డాలర్లు నష్టపోయిరి. 1952లో న్యూయార్కులోని మేసీ అంగడివారు సరుకు తెప్పించిరి. 1954లో దాదాపు 40 లక్షల పెట్టెలు అమ్ముడుపోయినవి. ఇది వర్తకుల కథ, ఇంతటితో చాలును.

ఈలోగా మాసచుసెట్సులోని స్ప్రింగ్‌ఫీల్డులో మెరియం నిఘంటువు కచేరియందు ఒక వింతపని సాగుచుండెను. 1930లనుండి 1970ల వఱకు అచ్చట టైపు చేయువారు చిన్న చీటీలమీద నిఘంటువులోని మాటలను తలక్రిందుగా, అనగా తుది యక్షరము మొదటగా, కొట్టుచు, ఆ వరుసలో సొరుగులలో పేర్చుచు వచ్చిరి. చీటీలు సుమారు 3,15,000. వాకర్ ఒక్కడు పూనుకొన్న పనియే, మిక్కిలి పెరిగినది. శాస్త్రములపేర్లన్నియు ఒకచోట, రోగములపేర్లన్నియు ఒకచోట చూడదలచిన సంపాదకులకు ఇది కామధేనువు. నలువదియేండ్లు మాటలను వెనుకనుండి కొట్టిన ఆ వ్రేళ్లు ఎవరివో నిఘంటువు ముఖపత్రమున లేదు. ఇంటిలో దొడ్డిదారిన తిరుగువారిపేర్లు వీథి తలుపుమీద వ్రాయుట ఎచ్చటను ఆచారము కాదు గదా.

చీటీల కాలము ముగియకమునుపే యంత్రగణకులు వచ్చినవి. 1973లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సను అను నాతడు గ్రెప్ అను చిన్న సాధనమును వ్రాసెను. ఎంత పెద్ద వ్రాతలోనైనను మనము కోరిన అక్షరపుటమరిక గల వరుసలను ఏఱి చూపుట దాని పని. అందులో ఒక చుక్క పెట్టినచో, ఇచ్చట ఏదో యొక్క యక్షరము, ఏదైనను సరే, అని భావము. గళ్ల నుడికట్టులోని ఖాళీగడికిని ఆ చుక్కకును భేదము లేదు. చుక్కలు సిద్ధమైన పిమ్మట వెదకుటకు మాటలు కావలెను. 1934 నాటి వెబ్‌స్టర్ పెద్ద నిఘంటువులోని తలమాటలు, అర్థములు లేకుండ, 2,34,936 వరుసలుగా గణకయంత్రములలో చేర్చబడి దేశదేశములకు వ్యాపించినవి. నిఘంటువునుండి అర్థమును ఒలిచివేయగా మిగిలినదే ఆ పట్టిక. మా పిల్ల ఫోనులోని వెదకులాటయు ఈ వంశములోనిదే. మొదటి యక్షరమునకు ఇంక ఏ ప్రత్యేకగౌరవమును లేదు. ఏ గడినుండియైనను లోనికి పోవచ్చును. వాకర్ ఒక్క దొడ్డిదారి తెఱవగా, ఈ యంత్రము గోడలనే తీసివేసినది.

గోడలతోపాటు మఱి యేమైన పోయినదా యను సందేహము మాకు కలిగినది. స్క్రాబుల్ పోటీలు పెరిగినకొలది, ఏ మాట చెల్లునో తేల్చుటకు 1978లో అమెరికాలో ఒక అధికారనిఘంటువు వెలువడెను. ఆటగాండ్రు దానిని కంఠస్థము చేయ నారంభించిరి. క్యూ వెంట యూ రాని మాటలు వారికి బంగారము. వానిలో అనేకము మన చెవులకు చిరపరిచితములు: ఫకీరు, బురఖా, తలాక్, ఖవ్వాలీ. చీనావారి ప్రాణవాయువునకు పేరైన చీ అను రెండక్షరముల మాట, ఇంగ్లీషున క్యూ, ఐ అని వ్రాయునది, 2006లో అమెరికా పట్టిక కెక్కి పోటీల తీరునే మార్చినది. జెడ్‌తో చిక్కుపడినవారికి జమీందారు, జనానా, జిల్లా తోడ్పడును. ఇంగ్లీషువారి బ్యాండికూట్ మన పందికొక్కే. పద్దెనిమిదవ శతాబ్దమున ఓడ యెక్కి పోయి, అటుపిమ్మట ఆస్ట్రేలియాలో వేఱొక జంతువునకు కూడ పేరయ్యెను. ఇన్ని దేశములమాటలు ఒక పట్టికలో చేరినవి. చేరునప్పుడు ప్రతిదియు తన కథను గుమ్మమువద్ద దింపి వచ్చినది.

1993లో వర్జీనియాలో ఒక స్త్రీ ఆ యధికారనిఘంటువును తిరుగవేయుచు, యూదులను దూషించు మాట యొకటి క్రియాపదముగా చెల్లునని యుండుట చూచెను. వెదకగా ఇతరజాతులను, స్త్రీలను దూషించు మాటలు మఱికొన్ని కనబడినవి. ఆమె ఉత్తరములు వ్రాసి, సంఘములను కదలించి, ఊరకుండలేదు. 1994లో ఆట యజమానులు ఆ మాటలను తీసివేయుదుమని ప్రకటింపగా పోటీల ఆటగాండ్రు తిరుగబడిరి. వారి వాదము చదువరులు వినదగినది: పలకమీద మాటకు అర్థము లేదు, అది అక్షరముల కూర్పు, మార్కుల మొత్తము మాత్రమే, అర్థము లేనిచోట దూషణ యెక్కడిది? తుదకు రాజీ పడి, 1996లో ఇండ్లకును బడులకును ఆ మాటలు లేని పుస్తకమును, పోటీసంఘములకు అవి యున్న పట్టికను వేఱువేఱుగ ఏర్పఱచిరి. 2020లో పోటీల పట్టికనుండి సైతము జాతిదూషణలను తొలగించిరి.

ఆటగాండ్రను తేలికగా నిందింపలేము. వారు చెప్పినది ఒక విధముగ నిజమే. దీనికి సాక్షి నైజెల్ రిచర్డ్సు అను న్యూజీలాండువాడు. ఈయన 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచపోటీలో గెలిచెను. ఫ్రెంచి మాటాడుట రాదు. సుమారు తొమ్మిది వారములలో ఫ్రెంచి పదపట్టికను కంఠస్థము చేసి పోయెను. సభవారితో మాటాడుటకు దుబాసీ కావలసివచ్చెను. 2024లో స్పానిషు పోటీలోను అట్లే గెలిచెను. ఆ జ్ఞాపకశక్తికి చేతులెత్తి మ్రొక్కవలసినదే. కాని మాకు వీధిబడి పిల్లవాడు కనులయెదుట నిలిచినాడు. కాంతములు, ఖాంతములు గడగడ వచ్చును, అర్థమడిగిన బిక్కమొగము. ఆ చదువునుండి పిల్లలను తప్పించుటకు మన పెద్దలు ఎంతకాలము పోరాడిరి! పోటీ బల్లయొద్ద అది విద్యయే యగుగాక, బడియొద్ద కాదు. అక్షరములు మాత్రమే చాలునన్న వాదము బల్ల దాటి వీథిలోనికి వచ్చినప్పుడు, దూషింపబడినవారికి ఆ మాట అర్థముతోనే వినబడును.

ఇందుకు ప్రతిగా మఱియొక సంగతి. 2021లో జోష్ వార్డిల్ అను నాతడు వర్డిల్ అను ఆటను లోకమునకు విడిచెను. ఐదక్షరముల మాటను ఆఱు ప్రయత్నములలో ఊహింపవలెను. ఇంగ్లీషున ఐదక్షరముల మాటలు సుమారు 12,000 కలవు; అన్నియు వాడినచో ఎవరికి తెలియును? ఆయన తన జీవితభాగస్వామినిని కూర్చుండబెట్టి ఒక్కొక్క మాట చూపి, నీకు తెలియునా, తెలియదా, కొంచెము తెలియునా యని యడిగెను. ఆమె తెలియునన్నవి సుమారు 2,500, జవాబులు వానినుండియే. పండితుల సభ కాదు, నిఘంటువు కాదు, ఇంటిలోని ఒక మనిషి యెఱుక ఆ పట్టికకు కొలత యయ్యెను. 2022 జనవరిలో న్యూయార్కు టైమ్సువారే ఆ యాటను కొనిరి. ఆట అంతగా వ్యాపించుటకు కారణములు అనేకము చెప్పుదురు. మాకు తోచినది ఇదియే: ఓడినవాడు సైతము జవాబు చూచి, అయ్యో ఇది నాకు తెలిసినదే యనుకొనును.

ఇక మా పిల్ల నాలుగక్షరముల మాట. ఫోను చూపిన వరుసను ముందు పెట్టుకొని తాతయు మనుమరాలును తలలు గీరుకొనుచుండగా, వంటయింటినుండి మా చెల్లెలు వచ్చినది. ఆమెకు ఇంగ్లీషక్షరములు రావు. మమ్ము హైస్కూలునకు పంపిన మా తండ్రిగారు ఆమెను అయిదవ తరగతితో మాన్పించిరి. ఇద్దఱికి జీతములు కట్టు శక్తి లేదనిరి. మా యింగ్లీషులో సగము ఆమె మానిన చదువే యని ఈ వయసున మాకు తోచుచుండును. "ఏమిటిరా అన్నయ్యా, ఏం అడుగుతున్నాడా కాగితంలో?" అనెను. "మన దేశంలో సేద్యం చేసేవాడి పేరట అమ్మమ్మా" అని పిల్ల చెప్పెను. "రైతు కాక మఱెవరే?" అని ఆమె చేతిలోని పళ్లెమును బల్లమీద పెట్టెను.

వరుసలో నాలుగవ మాట ఆర్, వై, ఓ, టీ. అంతవఱకు మేము దానిని ఇంగ్లీషు నోటితో చదివి, ఏదో మొక్కపే రనుకొని యుంటిమి. కన్ను నాలుగక్షరములను చూచుచుండెను, చెవి ఊరకుండెను.

"ఆ మాట వాళ్ల పుస్తకంలో ఎందుకుందన్నయ్యా?" అని మా చెల్లెలు మరల నడిగెను. కంపెనీవారి కాలమున, థామస్ మన్రో దత్తమండలములలో కలెక్టరుగా నుండి, నడుమ జమీందారు లేకుండ ఒక్కొక్క రైతు పేర శిస్తు కట్టు పద్ధతిని 1800 మొదలు నడపెననియు, రైత్వారీ యను పేరుతో అది చెన్నపురి రాజధానిలో స్థిరపడెననియు, ఆ దస్తావేజులలో ఈ మాట వాడబడెననియు మేము కొంచెము పంతులవలెనే చెప్పితిమి. ఆమె విని, "శిస్తు కట్టించుకోవడానికి పేరు కావలసివచ్చిందన్నమాట" అనెను.

పిల్ల అప్పటికే ఆర్, ఓ అని రెండు గడులు నింపి, ఏడవ నిలువునకు పోయెను.